పల్లె గొంతుకు డీజే ట్రాక్‌ను శ్రుతి కలపడం: స పట్టుకోవడం దగ్గర్నుంచి బాక్సుల దాకా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తయారయ్యే డీజే ట్రాకులకు ప్రాణం గొంతే. గ్రామదేవత పండగకో, వినాయకుడి అనుపుకో కట్టే ట్రాకులో తెలుగు పల్లవి ఒకటి ఉంటుంది, దానికి ఒడియాలో వంత ఒకటి, వెనక సింథ్, కింద బేస్. ఆ పల్లవి చాలాసార్లు ఫోన్‌లో రికార్డయినదే. ఉభాల్లోనో (వరి నాట్ల వేళ), ఇంటి అరుగు మీదో, తంబురా హార్మోనియం ఏవీ లేకుండా, పాడే మనిషి తన గొంతుకు హాయిగా ఉన్న చోట ఎత్తుకున్న పాట. సింథ్ అలా కాదు. ఎ అనే స్వరం అంటే 440 హెర్ట్జ్, మిగతా పదకొండు మెట్లూ దాన్నుంచి లెక్క ప్రకారం వస్తాయి. రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు కలిపి వదిలితే ఏదో తేడాగా వినిపిస్తుంది. అప్పుడు ఈక్యూ తిప్పుతారు, రివర్బ్ పోస్తారు, కంప్రెసర్ మారుస్తారు. తేడా శ్రుతిలో ఉన్నప్పుడు ఇవేవీ అక్కరకు రావు.

ఈ పద్ధతి అంతా ఒక్క మాట మీద నడుస్తుంది. ముందు గొంతులోని ‘స’ (షడ్జమం, పాటకు ఆధార స్వరం) ఎక్కడుందో సెంట్లతో సహా (సెంటు అంటే హార్మోనియం మెట్టులో నూరో వంతు) పట్టుకోవాలి. ఆ తర్వాత గొంతును వీలైనంత తక్కువ, ట్రాకును అవసరమైనంత ఎక్కువ జరపాలి. సింథ్ నోట్లను ఎన్ని మెట్లు జరిపినా వాటికి పోయేదేం లేదు. గొంతుకు మాత్రం జరిపిన ప్రతి మెట్టుకూ కొంత సహజత్వం పోతుంది.

కావాల్సినవి: కంప్యూటర్‌లో ఆడాసిటీ (ఉచితం), ట్రాక్ కట్టడానికి ఎఫ్ఎల్ స్టూడియో గానీ రీపర్ గానీ ఏబుల్టన్ గానీ, ఒక చిన్న కీబోర్డు లేదా ఫోన్‌లో హార్మోనియం యాప్, మంచి హెడ్‌ఫోన్లు. ఫోన్ స్పీకర్ మీద శ్రుతి తేల్చడం కుదరదు, బేస్ అందులో పలకదు.

1. ముందు ఫైలు సరిచూడండి

పాట వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా వస్తే నాణ్యత బాగా నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. వీలైతే ఫోన్ రికార్డర్‌లోనే వేవ్ ఫార్మాట్ ఎంచుకోమనండి.

ఇంకో చిక్కు శాంపుల్ రేటుది, అంటే సెకనుకు ఎన్నిసార్లు ధ్వనిని కొలిచి ఫైలులో రాశారన్న అంకెది. ఫోన్ ఎక్కువగా 48,000 హెర్ట్జ్‌లో రికార్డు చేస్తుంది, ప్రాజెక్టు 44,100లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గా మార్చుకుంటే ఇబ్బంది లేదు. మార్చకుండా 48,000 ఫైలును 44,100గా చదివిందంటే పాట 147 సెంట్లు, అంటే దాదాపు ఒకటిన్నర మెట్టు కిందికి దిగుతుంది, నిమిషం పాట 65 సెకన్లు నడుస్తుంది. కాబట్టి ఒరిజినల్ ఫైలు నిడివిని, ప్రాజెక్టులో కనిపించే నిడివిని పక్కపక్కన చూడండి. రెండూ ఒకటైతేనే ముందుకు పోండి. ఇక్కడ తప్పితే తర్వాత చేసే లెక్కలన్నీ తప్పుతాయి.

వాయిద్యాలతో కలిసి ఉన్న పాటలోంచి గొంతును విడదీయాలంటే అల్టిమేట్ వోకల్ రిమూవర్ లాంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. డప్పు మోత చాలావరకు పోతుంది. మహురి (సన్నాయి లాంటి ఊదే వాద్యం) మాత్రం అంత సులభంగా పోదు. అది గొంతు ఉండే ఎత్తులోనే, గొంతులాగే సాగుతూ పలుకుతుంది కాబట్టి సాధనానికి రెండూ ఒకటిగా కనిపిస్తాయి. మహురి అంటుకుని ఉన్న ముక్కను ఒక్క సెమీటోన్ (ఒక మెట్టు) జరిపినా ముక్కు మూసుకుని పాడినట్టు తయారవుతుంది. అలాంటి ముక్కకు ట్రాకునే జరపండి, దాన్ని కదిలించకండి.

2. స ఎక్కడుందో పట్టుకోవడం

చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఫైలును కీ డిటెక్టర్‌లో వేసి, అది ‘జి మేజర్’ అంటే జి మేజర్ అనుకుని సాగిపోతారు. డిటెక్టర్ చేసేది ఇంతే: ఏ స్వరం ఎంతసేపు పలికిందో లెక్కేసి, 12 మేజర్, 12 మైనర్ స్కేళ్లలో దేనికి దగ్గరగా ఉందో చెబుతుంది. పాట ఆ ఇరవై నాలుగింటిలో దేనికీ చెందకపోయినా ఏదో ఒకటి చెప్పి తీరుతుంది. జానపదాల్లో చాలా పాటలకు ఐదే స్వరాలు, పైగా పాట ఎక్కువసేపు పంచమం చుట్టూ తిరుగుతుంది. అప్పుడు డిటెక్టర్ పంచమాన్నే స అనుకుంటుంది. జముకుల పాట అయితే మరీ ఘోరం. జముకు తీగ బిగించి వదులుతుంటే దాని స్వరం పైకీ కిందికీ జారుతుంది. ఆ జారుడంతా డిటెక్టర్ లెక్కలోకి ఎక్కుతుంది.

చెవితో పట్టుకోవడం దీనికంటే తేలిక. పల్లవి చివరి మాట దగ్గర పాట ఆపండి. ‘ఇక్కడితో అయిపోయింది’ అనిపించే స్వరాన్ని కూనిరాగంలా పట్టి ఉంచండి. అదే స. ఆపిన చోట పాట ఇంకా ఏదో అడుగుతున్నట్టుంటే మీరు పట్టుకున్నది రి గానీ ప గానీ అయి ఉండాలి. ఆ స్వరాన్ని కీబోర్డు మీద వెతకండి. రెండు మెట్ల మధ్య ఎక్కడో పడితే కంగారు వద్దు, అది మామూలే.

కచ్చితమైన అంకె కోసం ఆడాసిటీలో ఆ స సాగదీసిన చోటును సెలెక్ట్ చేసి, ఎనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రం తెరవండి. సైజు 65,536 పెడితే కొలత బాగా సన్నగా వస్తుంది గానీ, దానికి ఒకటిన్నర సెకన్లపాటు నిలకడగా పట్టిన స్వరం కావాలి. అంత పొడవు దొరక్కపోతే 16,384 చాలు, దానికి 0.4 సెకను సరిపోతుంది. మొదటి శిఖరం మీద కర్సర్ పెడితే హెర్ట్జ్ కనిపిస్తుంది. ఇంకాస్త పక్కాగా కావాలంటే నాలుగో శిఖరం చదివి నాలుగుతో భాగించండి. నాలుగో శిఖరం 852 హెర్ట్జ్ దగ్గరుంటే స 213 హెర్ట్జ్. చదవడంలో జరిగిన చిన్న పొరపాటు కూడా నాలుగో వంతుకు తగ్గిపోతుంది.

గమకం వేస్తూ పాడిన స పనికిరాదు. సూటిగా నిలబడ్డ స మూడు చోట్ల కొలిచి చూడండి. మూడూ పది సెంట్ల లోపు కలిస్తే ఆ అంకె నమ్మొచ్చు.

3. హెర్ట్జ్‌ను సెంట్లలోకి మార్చడం

ఒక సెమీటోన్, అంటే హార్మోనియం మీద పక్క మెట్టుకు దూరం, 100 సెంట్లు. స్థాయి మొత్తం 1200. ఆడవాళ్ల స ఎక్కువగా పడే చోట మెట్ల విలువలు ఇవి: జి 196, జి షార్ప్ 207.65, ఎ 220, ఎ షార్ప్ 233.08 హెర్ట్జ్. పాట నేర్చినవాళ్ల లెక్కలో ఇవి ఐదు, ఐదున్నర, ఆరు, ఆరున్నర శ్రుతులు. మగవాళ్లు ఒకటి నుంచి రెండు శ్రుతుల మధ్య, అంటే సి, సి షార్ప్, డిల దగ్గర ఎక్కువగా ఎత్తుకుంటారు.

ఫోన్ కాలిక్యులేటర్‌లో: కొలిచిన హెర్ట్జ్‌ను మెట్టు హెర్ట్జ్‌తో భాగించి, వచ్చిన దానికి లాగ్ తీసి, దాన్ని 2 లాగ్‌తో భాగించి, 1200తో హెచ్చించండి. 213ని 207.65తో చూస్తే 44 వస్తుంది. అంటే ఈ గొంతు ఐదున్నరకు 44 సెంట్లు పైన, ఆరుకు 56 సెంట్లు కింద ఉంది. దాదాపు నడిమధ్య. ఇలాంటి గొంతుకు ఏ డిటెక్టర్ ఏ పేరు చెప్పినా ట్రాక్ కలవదు, ఎందుకంటే ఆ పేరున్న మెట్టు మీద అది లేనే లేదు.

పది సెంట్ల లోపు తేడాను వదిలేయొచ్చు. పదిహేను దాటితే ప్యాడ్, ఆర్గాన్ లాంటి సాగే సింథ్ పక్కన వినిపించడం మొదలవుతుంది.

4. స్కేల్ ఏదో తేల్చడం

స దొరికాక గాంధారం చూడండి. స నుంచి మూడు మెట్ల పైన పలికితే సాధారణ గాంధారం, మైనర్ తరహా. నాలుగు మెట్ల పైన అయితే అంతర గాంధారం, మేజర్ తరహా. మూడో అవకాశం కూడా ఉంది, మనవైపు పాటల్లో అది తరచూ కనిపిస్తుంది: అసలు గాంధారమే లేకపోవడం. స రి మ ప ని, మధ్యమావతి తరహా. కీ డిటెక్టర్ నడిపేవాళ్లు దీన్ని చూసి అయోమయంలో పడతారు గానీ, ట్రాక్ కట్టేవాడికి ఇంతకంటే వరం లేదు. మేజర్, మైనర్ ఏదని తేల్చే స్వరమే గొంతులో లేదు కాబట్టి కింద ఏది పెట్టినా ఒప్పుకుంటుంది.

లెక్క చూడండి. ఎ మీద మధ్యమావతి అంటే ఎ, బి, డి, ఇ, జి. ఈ ఐదూ సి మేజర్‌లో ఉన్నాయి, జి మేజర్‌లో ఉన్నాయి, డి మేజర్‌లోనూ ఉన్నాయి. వాటి జోడీ మైనర్లు వరుసగా ఎ మైనర్, ఇ మైనర్, బి మైనర్. ఒకే గొంతుకు ఆరు ఇళ్లు. మోహనానికీ ఇదే వర్తిస్తుంది: సి మీద మోహనం (సి, డి, ఇ, జి, ఎ) సి, ఎఫ్, జి మేజర్లు మూడింటిలోనూ కూర్చుంటుంది. మైనర్‌లో ఉన్న ట్రాక్ మీద మోహనం పాట పడదని అనుకోకండి. సి మోహనం స్వరాలే ఎ నుంచి మొదలుపెడితే శుద్ధ ధన్యాసి, అంటే ఎ మైనర్‌లో ఇమిడిపోయే ఐదు స్వరాలు. గ్రహభేదం తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు, డీజేలు వాడే కీ చక్రం చెప్పేదీ ఇదే.

ఇబ్బంది పెట్టేది శుద్ధ రిషభం ఉన్న పాటలు. పున్నాగవరాళి ఛాయలో సాగే పాటల్లో స పక్క మెట్టు మీదే రి ఉంటుంది. మామూలు ఎ మైనర్ ప్యాడ్‌లో బి ఉంటుంది, గొంతులో బి ఫ్లాట్. ఆ రెండూ ఒకేసారి పలికితే పళ్లు జివ్వుమంటాయి. దీనికి ఎ మైనర్, బి ఫ్లాట్ మేజర్, జి మైనర్ కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుత్తులు) వాడండి. లేదా కార్డులే మానేసి స, ప మాత్రం పట్టి ఉంచండి. మాయామాళవగౌళ తరహా అయితే శుద్ధ రిషభానికి అంతర గాంధారం కూడా తోడవుతుంది, అక్కడ స ప డ్రోన్ తప్ప వేరే దారి వెతకొద్దు.

కొన్ని పల్లె పాటల్లో గాంధారం మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య ఉంటుంది. దాన్ని తప్పు అనుకుని దిద్దేవాళ్లున్నారు. దిద్దకండి. కార్డులోంచి మూడో స్వరం తీసేయండి, గొంతుకు చోటు దొరుకుతుంది. శుద్ధంగా పాడిన అంతర గాంధారం కూడా కీబోర్డు గాంధారం కంటే 14 సెంట్లు కిందే ఉంటుంది, 400 బదులు 386. అది తప్పు కాదు, కీబోర్డు సర్దుబాటు వల్ల వచ్చిన తేడా.

5. ఎంత జరపాలి, ఎటు జరపాలి

ఇప్పుడు రెండు పనులు వేరువేరుగా చూడండి. సెంట్ల తేడా గొంతును జరిపి సరిచేయాలి, అది అర మెట్టు, అటూ ఇటూగా అంతే. మెట్ల తేడా ట్రాకును జరిపి సరిచేయాలి. సింథ్, బేస్ నోట్లన్నీ సెలెక్ట్ చేసి జరిపితే చిటికెలో పని. ఆడియో లూపులతో కట్టిన ట్రాక్ అయితే అంత తేలిక కాదు, అందుకే శ్రుతి చూడకముందే లూపులు పేర్చేయకండి. గొంతు ముందు, ట్రాక్ తర్వాత.

పై ఉదాహరణ తీసుకుంటే, 213 హెర్ట్జ్ గొంతును ఎ మీదికి తేవాలంటే 56 సెంట్లు పైకి. పాట వేగం 92 బీపీఎం (నిమిషానికి 92 దెబ్బలు) అనుకుందాం. ఇక్కడ ఒక చక్కని సదుపాయం ఉంది. 220ని 213తో భాగిస్తే 1.0329. పాటను పాత టేపు తిప్పినట్టు అంతే నిష్పత్తిలో వేగంగా తిప్పితే శ్రుతి 56 సెంట్లు పెరుగుతుంది, వేగం 92 నుంచి 95కు వెళుతుంది. ట్రాకును 95 బీపీఎంకు పెట్టేశారంటే శ్రుతి, వేగం రెండూ ఒకే దెబ్బకు కలుస్తాయి. టైమ్ స్ట్రెచ్ (శ్రుతిని, వేగాన్ని విడివిడిగా మార్చడం) అనేదే వాడలేదు కాబట్టి గొంతులో ఒక్క గీత కూడా పడదు.

చేసే తీరు:

ఎఫ్ఎల్ స్టూడియోలో ఆడియో క్లిప్ మీద రెండుసార్లు నొక్కి, టైమ్ స్ట్రెచింగ్ భాగంలో మోడ్ రీశాంపుల్‌గా ఉంచి, పిచ్ నాబ్‌ను 56 సెంట్లు పైకి తిప్పండి. పైన హింట్ పట్టీలో అంకె కనిపిస్తుంది.

రీపర్‌లో క్లిప్ ఎంచుకుని ఎఫ్2 నొక్కండి. వేగం మారినా పిచ్ మారొద్దనే టిక్ తీసేసి, ప్లేబ్యాక్ రేటు 1.0329 రాయండి.

ఏబుల్టన్‌లో క్లిప్ వేగం 92 అని చెప్పి, వార్ప్ మోడ్ రీపిచ్ చేసి, ప్రాజెక్టు 95లో నడపండి.

ప్రతిసారీ ఇంత అచ్చంగా కుదరదు. శ్రుతి పెంచాలి, వేగం తగ్గించాలి అనే పరిస్థితి వస్తే స్ట్రెచ్ తప్పదు. అప్పుడు ఏబుల్టన్‌లో కాంప్లెక్స్ ప్రో, రీపర్‌లో ఎలాస్టిక్ సోలోయిస్ట్, ఎఫ్ఎల్‌లో ఒంటి గొంతుకు ఈ3 మోనో వాడండి. వేగం పది శాతం లోపు మారితే ఎవరూ గుర్తుపట్టరు. ఇరవై దాటితే హల్లులు నలుగుతాయి, ముఖ్యంగా ట, క, ప. తిశ్రంలో (మూడు దెబ్బల నడకలో) నడిచే పాటను బలవంతంగా నాలుగు దెబ్బల కిక్ మీదికి లాగే బదులు, కిక్ వరుసనే తిశ్రంలో పెట్టుకోవడం మేలు. తీన్‌మార్ ఊపు ఉన్నచోట జనం అడిగేదీ అదే.

6. మెట్లు జరపక తప్పనప్పుడు

ట్రాక్ ముందే ఖరారైపోయింది, బేస్ మార్చే వీలు లేదు. అప్పుడు గొంతు ఎంతవరకు ఓర్చుకుంటుంది? రెండు సెమీటోన్ల దాకా పెద్దగా తెలియదు. మూడు, నాలుగు అయితే ఫార్మెంట్ నిలిపే సదుపాయం పెట్టండి. ఫార్మెంట్ అంటే నోరు, గొంతుగొట్టం ఆకారం వల్ల వచ్చే గుర్తు. స్వరం పెరిగినా మనిషి నోరు చిన్నది కాదు కదా. సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును కూడా స్వరంతో పాటు జరిపేస్తే పెద్దావిడ గొంతు పసిపిల్లదైపోతుంది. కిందికి జరిపితే ఆడగొంతు మగగొంతులా మొద్దుబారుతుంది. ఐదు మెట్లు దాటిందంటే అది ఎఫెక్టుగా పనికొస్తుంది గానీ పాటగా పనికిరాదు.

సి మీద పాడిన మగవాడి పల్లవిని జి ట్రాక్ మీద పెట్టాలంటే ఏడు పైకో, ఐదు కిందికో. రెండూ చెడ్డవే. కానీ ఆ పాట మోహనమైతే సి మోహనం స్వరాలన్నీ జి మేజర్‌లోనే ఉన్నాయని ఇందాకే చూశాం. కదపకుండా పెట్టి చూడండి. పాట తన స మీద ఆగినప్పుడు కింద జి పలుకుతుంటే కాస్త గాల్లో వేలాడినట్టు ఉంటుంది, అక్కడ ఒక్కచోట సి కార్డు వేస్తే కుదురుకుంటుంది.

7. పాట నడుస్తుండగా శ్రుతి జారితే

శ్రుతి పెట్టె లేకుండా పాడితే స ఒకచోట ఉండదు. ఊపు పెరిగేకొద్దీ పైకి ఎక్కడం మామూలు. మొదటి పల్లవిలో 213 ఉన్న స చివరి పల్లవికి 219 అయితే అది 48 సెంట్లు, అర మెట్టు. మొత్తం పాటకు ఒకే అంకె పెట్టి సరిచేస్తే మొదలు బాగుండి చివర అపశ్రుతి పలుకుతుంది.

దీనికి పాటను పాదాలుగా కోయండి. ఊపిరి తీసుకునే చోట కోస్తే అతుకు కనిపించదు. ప్రతి పాదంలో ఒక స గానీ ప గానీ కొలిచి, ఆ పాదానికి దాని సెంట్లు అది. పాదం లోపల ఏమీ ముట్టుకోకండి. రెండు పాదాల మధ్య 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇస్తే టిక్ మోత రాదు. పాతిక పాదాల పాటకు గంట పని, కానీ దీనికి అడ్డదారి లేదు.

అడ్డదారి అనుకుని ఆటోట్యూన్ వేసేవాళ్లే ఎక్కువ. వేగం ఎక్కువ పెట్టిన ఆటోట్యూన్ ప్రతి జారునూ మెట్లు మెట్లుగా నరుకుతుంది. పల్లె పాటలో స్వరం నుంచి స్వరానికి జారడమే పాట. అది పోయాక మిగిలేది మాటలే. న్యూటోన్ (ఎఫ్ఎల్‌లో శ్రుతి దిద్దే సాధనం) వాడితే సెంటర్ నాబ్ కొద్దిగా తిప్పండి, వేరియేషన్ నాబ్ జోలికి పోకండి. స, ప దగ్గర మాత్రమే దిద్ది, రి, గ, ని పాడిన చోటే వదిలేయండి. స్కేల్ ఎంచుకోమని అడిగితే క్రోమాటిక్ మీద ఉంచొద్దు, పన్నెండు మెట్లలో ఏదో ఒకదానికి లాక్కుపోతుంది. పాటలో ఉన్న ఐదు స్వరాలే టిక్ పెట్టండి.

8. కార్డులు, బేస్, కిక్

ఎ మధ్యమావతి గొంతు కింద ఎ మైనర్, జి, ఇ మైనర్ ఏ చిక్కూ లేకుండా నడుస్తాయి. ఎఫ్ మేజర్ వేస్తే చూసి వేయండి: గొంతు బి మీద సాగదీసినప్పుడు కింద ఎఫ్ ఉంటే ఆ రెండింటి మధ్య ఆరు మెట్లు, గరగరలాడుతుంది. రి మీద నిలబడే చోట ఎఫ్ బదులు జి వేస్తే సరి.

బేస్ సంగతి కీ ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి. పండగలకు తెచ్చే బాక్సులు చాలావరకు 40 హెర్ట్జ్ కింద సరిగా పలకవు. ఎ బేస్ 55 హెర్ట్జ్, జి 49, ఎఫ్ 43.65, ఇ 41.2. ఇంతవరకు గుండెకు తగులుతాయి. డి 36.7, సి షార్ప్ 34.6, సి 32.7 అయితే ఆంప్లిఫైయర్ వేడెక్కడమే గానీ శబ్దం రాదు. గొంతు సి దగ్గర పడితే బేస్‌ను ఒక స్థాయి పైకి, 65 హెర్ట్జ్‌కు ఎక్కించండి. కిక్ తోక పొడవుగా ఉంటే దాన్నీ స మీదో ప మీదో ట్యూన్ చేయాలి, పొట్టిదైతే అక్కర్లేదు.

గొంతు ట్రాకులో 100 నుంచి 120 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి. విడదీసిన గొంతులో మిగిలిన డప్పు గుబగుబ అక్కడే ఉంటుంది, గొంతుతో పాటు అదీ 56 సెంట్లు జరిగి మీ బేస్‌తో కొట్లాడుతుంది. మగగొంతుకైతే 80 దగ్గర ఆపండి. రివర్బ్, డిలే శ్రుతి సరిచేశాకే వేయాలి.

9. తెలుగు పల్లవి, ఒడియా వంత

ఇద్దరు వేర్వేరు మనుషులు, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు శ్రుతుల్లో. ఇద్దరినీ ఒకే స మీదికి లాగాలనుకోవడం మొదటి పొరపాటు. ముందు ఇద్దరినీ దగ్గర్లోని మెట్టు మీదికి సెంట్లతో తెండి. తర్వాత స్వరాలు రాసుకుని పోల్చండి. ఆమె ఎ మీద మధ్యమావతి: ఎ, బి, డి, ఇ, జి. అతను డి మీద స రి మ ప ధ, అంటే శుద్ధ సావేరి తరహా: డి, ఇ, జి, ఎ, బి. ఐదుకు ఐదూ అవే స్వరాలు. ఇద్దరినీ ముట్టుకోకుండా, వంత వచ్చినప్పుడు బేస్‌ను ఎ నుంచి డికి మారిస్తే చాలు, ట్రాక్ పైకి ఎగిరినట్టుంటుంది. అదే ఐదు స్వరాల మీద ఇ నుంచి ఎత్తుకుంటే శుద్ధ ధన్యాసి, బి నుంచి హిందోళం, జి నుంచి మోహనం. వంత ఎక్కడ పడుతుందో ఈ ఐదింటిలో వెతకండి. ఒక్క స్వరమే తేడా వస్తే ఆ మాట వచ్చే చోట సింథ్ ఆపి డప్పు మీద వదిలేయండి.

10. ముక్కలు చేసి వాయించేటప్పుడు

ఒక్క ‘ఏలో’నో, ‘ఓలమ్మో’నో కోసి కీబోర్డు మీద వాయించాలంటే శాంప్లర్‌కు దాని మూలస్వరం చెప్పాలి. ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటి ఉంది: మధ్య సిని ఎఫ్ఎల్ స్టూడియో సి5 అంటుంది, ఏబుల్టన్ సి3 అంటుంది, చాలామంది సి4 అంటారు. మూడూ 261.63 హెర్ట్జే. ఒకచోట రాసుకున్న పేరు ఇంకోచోట పెడితే ముక్క ఒకటి రెండు స్థాయిలు కిందో పైనో పలుకుతుంది. అరుపులకు, ఈలలకు శ్రుతి చూడొద్దు. జారుతూ పోయే అరుపైతే అది ఆగే చోటు మాత్రం స గానీ ప గానీ అయ్యేలా చూడండి.

11. కలిసిందో లేదో వినడం

మిగతావన్నీ మ్యూట్ చేసి గొంతు, దాని కింద ఎ, ఇ మీద రెండు సాదా సైన్ స్వరాలు మాత్రం ఉంచండి. స సాగదీసినచోట గాలి అలల్లా పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తే ఇంకా కలవలేదు. 220 పక్కన 221 పలికితే సెకనుకు ఒక అల, అది 8 సెంట్లు. సెకనుకు ఒకటి కంటే నెమ్మదిగా వస్తే చాలు, వదిలేయండి. తర్వాత బేస్, గొంతు రెండే పెట్టి, శబ్దం బాగా తగ్గించి వినండి. గట్టిగా వింటే చెవి స్వరాన్ని సరిగ్గా పోల్చదు.

రెండేళ్లకోసారి వచ్చే బరంపురం ఠాకురాణి యాత్రలోనో, ఊరి పందిట్లోనో నడిపేటప్పుడు ఇంకో సంగతి. కన్సోల్ మీద మాస్టర్ టెంపో ఆన్ చేసి ఉంచండి. అది లేకుండా వేగం 6 శాతం పెంచితే పాట మొత్తం ఒక సెమీటోన్ పైకి పోతుంది. ఆ ట్రాక్ ఒక్కటే నడిస్తే నష్టం లేదు, పక్క ట్రాకుతో కలిపేటప్పుడే రెండు శ్రుతులు గుద్దుకుంటాయి. పక్కన నిజం మహురి వాయించేవాళ్లుంటే వాళ్ల శ్రుతి వాయిద్యం కొలతను బట్టి ఉంటుంది, మారదు. ముందే ఒక స్వరం ఊదమని అడిగి, దాన్ని కొలిచి, ట్రాకునే ఆ సెంట్లకు జరుపుకోండి.

మళ్లీ రికార్డు చేసే అవకాశం ఉంటే పాడేవాళ్లను ముందు ఒక పాదం తమకు నచ్చిన చోట పాడనివ్వండి. దానికి దగ్గరి మెట్టు చూసి, ఒక చెవిలో ఆ శ్రుతి వినిపిస్తూ మిగతా పాట పాడించండి. ఏడో అడుగులో చెప్పిన గంట పని మొత్తం తప్పుతుంది. పాట ఊరందరిదే కావచ్చు గానీ పాడిన గొంతుకు 1957 కాపీరైట్ చట్టం కింద హక్కులున్నాయి. ట్రాక్ బయటికి వదిలే ముందు అడగండి, పేరు వేయండి, డబ్బు వస్తే వాటా మాట్లాడుకోండి.

ముట్టుకోని అసలు ఫైలును వేరుగా దాచి, పేరులోనే స హెర్ట్జ్, వేగం, స్వరాలు రాసిపెట్టండి: ‘ఉభాల పల్లవి, స 213, 92, సరిమపని’. వచ్చే పండక్కి ఇదే గొంతును ఇంకో ట్రాకులో వాడాలనుకున్నప్పుడు, ఇప్పటికే 56 సెంట్లు జరిపిన ఫైలును మళ్లీ జరపకుండా అసలు దాన్నుంచే మొదలుపెట్టొచ్చు.